మాస్టారు కట్టిన తాడు

ఎనభైల్లో చిక్కడపల్లిలో సాయంత్రం అయిదు దాటాక గజ్జెల చప్పుడు వినిపించని సందు ఉండేది కాదు. త్యాగరాయ గానసభ అక్కడే ఉంది. అటు నారాయణగూడ దాటితే రాంకోటిలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. ఇంకాస్త ముందుకు బస్సులో వెళ్తే 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి. కృష్ణా జిల్లా కూచిపూడి నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ మాస్టార్లు కొందరు ఈ చుట్టుపక్కలే ఇళ్లు అద్దెకు తీసుకుని పాఠాలు చెప్పేవారు. అలాంటి ఒక మాస్టారి దగ్గర నన్ను 1983లో చేర్పించారు. అప్పటికి నేను మూడో తరగతి.

నేనిప్పుడు ఫిజియోథెరపిస్టుని. ఒంటికి కదలిక ఎలా పట్టుబడుతుందో, పోయిన కదలిక ఎలా తిరిగొస్తుందో చూడటమే నా రోజువారీ పని. దాని గురించి పుస్తకాల్లో ఏం చదివినా, చదువుతున్నంతసేపూ మాస్టారి హాలే కళ్లముందు తిరిగేది. ఆయన ఫిజియాలజీ చదవలేదు. ఆయన నాన్నగారు ఆయనకెలా నేర్పారో మాకూ అలాగే నేర్పారు. ఆ పద్ధతి ఎంత లోతైనదో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

హాలంటే పెద్దదేం కాదు. పాతకాలపు ఇంటి ముందుగది. నేలంతా షాబాదు బండలు. ఎండాకాలంలో ఆ బండలు చల్లగా హాయిగా ఉండేవి కానీ, కాలితో దరువు వేస్తే మాత్రం దెబ్బంతా మోకాలికి ఎక్కేది. ఒక మూల నటరాజ విగ్రహం, దాని ముందు మాస్టారి చాప, చాప మీద చెక్క పలక, ఒక కర్ర. ఆ పలక మీద కర్రతో తాళం వేసేవారు. హాల్లో అద్దం లేదు. పక్కగదిలో ఉన్న బీరువా అద్దానికి కూడా మా క్లాసు జరిగినంతసేపూ అమ్మగారు, అంటే మాస్టారి భార్య, పాత చీర కప్పి ఉంచేవారు. మాలో ఎవరో ఒకరు అటు తొంగి చూస్తూనే ఉంటారని ఆవిడకి తెలుసు.

మొదట నేర్పింది అరమండి. మడమలు దగ్గరగా పెట్టి, పాదాలు పక్కలకు తిప్పి, మోకాళ్లు రెండు వైపులకూ తెరిచి, వెన్ను నిటారుగా ఉంచి సగం కూర్చోవాలి. చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది. ఒక నిమిషం అలా ఉంటే తొడలు వణకడం మొదలవుతుంది. వణుకు మొదలవగానే ఒళ్లు తనకు తెలియకుండానే పైకి లేస్తుంది, లేదా పిరుదులు వెనక్కి పోయి నడుం ముందుకు వంగుతుంది. మాస్టారు "కూర్చోమ్మాయ్, ఇంకా కూర్చో" అంటూనే ఉండేవారు. కూర్చున్నామనే అనుకునేవాళ్లం. నిజానికి అప్పటికే లేచిపోయి ఉండేవాళ్లం.

అప్పుడు ఆయన తాడు కట్టారు. బట్టలారేసుకునే నైలాను తాడే. ఒక కొస కిటికీ ఊచకు, ఇంకో కొస తలుపు పైనున్న మేకుకు. కిటికీ వైపు కిందికి, తలుపు వైపు పైకి ఏటవాలుగా ఉండేది. పొట్టివాళ్లు కిటికీ దగ్గర, పొడుగువాళ్లు తలుపు దగ్గర. ఎవరి అరమండికి తగ్గ ఎత్తు వాళ్లకు ఆ తాడు మీదే దొరికేది. తాడు పొడవునా అక్కడక్కడా పాత గజ్జెలు విడివిడిగా గుచ్చి ఉండేవి. తల కాస్త లేచిందా, జుట్టు ముడి తాడుకి తగిలి గజ్జె గల్లుమనేది. ఎవరి గజ్జె మోగిందో వాళ్లకి తెలిసిపోయేది. మాస్టారు తల కూడా ఎత్తేవారు కాదు.

ఆ తాడు కింద అడుగులు వేస్తుంటే మోకాలు ఎంత వంచాలి, తొడ ఎంత బిగించాలి అన్న ఆలోచనే ఉండేది కాదు. గజ్జె మోగకూడదు, అంతే. ఒళ్లు తన లెక్క తాను చూసుకునేది. తర్వాత చాలా ఏళ్లకు గాబ్రియెలే వుల్ఫ్ అనే పరిశోధకురాలి ప్రయోగం చదివాను. 1998లో ప్రచురించారు. మంచు మీద జారుతున్నట్టుగా కదిలే యంత్రం మీద కొందరిని నిలబెట్టి, ఒక గుంపుని మీ పాదాల మీద దృష్టి పెట్టమన్నారు, ఇంకో గుంపుని పాదాల కింద ఉన్న చక్రాల మీద దృష్టి పెట్టమన్నారు. పాదానికీ చక్రానికీ మధ్య ఉన్న దూరం ఏపాటిది? అయినా చక్రాల మీద దృష్టి పెట్టినవాళ్లే బాగా నేర్చుకున్నారు. అది చదివిన రోజు నాకు మాస్టారి తాడే గుర్తొచ్చింది. ఒంటిలోని ముక్కముక్కనూ గమనిస్తూ కూర్చుంటే ఒళ్లు బిగుసుకుపోతుంది. బయట ఒక గురి చూపిస్తే దానంతటది సర్దుకుంటుంది. అద్దం ఎందుకు కప్పించేవారో కూడా అప్పుడే నాకు తట్టింది.

కొన్ని వారాలయ్యాక తాడు తీసేశారు. ఎప్పుడు తీశారో మేం గమనించనే లేదు. దాని అవసరం అప్పటికే తీరిపోయింది.

ఇక నోటి సంగతి. ఏ కొత్త అడుగైనా ముందు కింద కూర్చుని, తొడ మీద తాళం వేసుకుంటూ నోటితో చెప్పాలి. తకిట అంటే మూడు, తకధిమి నాలుగు, తకతకిట అయిదు, తకిటతకధిమి ఏడు, తకధిమితకతకిట తొమ్మిది. ముందు నెమ్మదిగా ఒకటో కాలంలో, తర్వాత దానికి రెట్టింపు వేగంతో రెండో కాలంలో, ఇంకా రెట్టింపుతో మూడో కాలంలో. నోరు తడబడితే లేవనిచ్చేవారు కాదు. "నోటికి రానిది కాలికి ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా" అనేవారు. ఆ అక్షరాలు ఎంత అందంగా కూర్చారో చూడండి. 'త' అన్నప్పుడు నాలుక పళ్లకు తగులుతుంది, 'క' అన్నప్పుడు నాలుక వెనకభాగం లోపల అంగిలికి తగులుతుంది. ఒకటి ముందు, ఒకటి వెనక. అందుకే ఎంత వేగంగానైనా చెప్పొచ్చు. వేగంగా చెప్పగలిగిన వరసను కాలు కూడా అదే ఊపులో అందుకుంటుంది. ఒక్కో అడుగునూ విడివిడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకుండా, అయిదో ఏడో అడుగులు ఒకే మాటగా ఒంట్లోకి దిగుతాయి.

పిల్లలం మూడో కాలం కోసం ఆరాటపడేవాళ్లం. వేగం వస్తే డాన్సు వచ్చినట్టే అని మా లెక్క. మాస్టారు మాత్రం ఒకటో కాలం దగ్గరే కట్టేసేవారు. నన్నడిగితే ఆ కాలమే అన్నింటిలోకీ కష్టం. వేగంలో ఒక అడుగు ఊపు ఇంకో అడుగుని లాక్కుపోతుంది. నెమ్మదిగా చేసేటప్పుడు లేపిన కాలు గాల్లోనే ఆగాలి, ఒంటి బరువంతా రెండో కాలి మీద నిలవాలి. ఆ ఆగిన క్షణంలో చీలమండ ఎంత కొట్టుకుంటుందో చేసినవాళ్లకే తెలుసు.

ఆ రోజుల్లో కరెంటు కోత మామూలే. దీపాలు పోగానే మేం ఆగిపోయేవాళ్లం. మాస్టారి కర్ర మాత్రం ఆగేది కాదు. అమ్మగారు కిరసనాయిలు లాంతరు తెచ్చి గుమ్మం అవతల పెట్టేవారు. లోపల మనిషి ఆకారం తెలిసేంత వెలుతురు, అంతకుమించి ఉండేది కాదు. అలాగే అడుగులు వేయించేవారు. మొదట్లో భయంగా ఉండేది, పక్కపిల్ల కాలు తొక్కుతానేమోనని. కొన్నాళ్లకు చీకట్లో చేయడం బాగుండేది. నా కాలు ఎక్కడుందో నా కాలే నాకు చెప్పేది. కండరాల లోపల వాటి పొడవును, సాగడాన్ని మెదడుకు చెప్పే చిన్న చిన్న అవయవాలు ఉంటాయి, కండర కదుళ్లు అంటాం. కళ్లు తెరిచి ఉన్నప్పుడు వాటి మాట మనకు సరిగా వినిపించదు. నా దగ్గరికి వచ్చే పేషెంట్లతో, పడకుండా పక్కన నిలబడి, ఇప్పటికీ కళ్లు మూసుకుని నిలబడే అభ్యాసం చేయిస్తాను.

ఇన్ని నెలలూ చేతులు నడుం మీదే. మా అమ్మ ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "మాస్టారూ, ఇంకా చేతులు మొదలుపెట్టలేదు, వేసవికి ప్రోగ్రాం ఇప్పిస్తారేమో అనుకున్నాం." ఆయన నవ్వి, "కాళ్లు ఆలోచించడం మానేశాక చేతులిస్తానమ్మా" అన్నారు. ఆ మాటకి అమ్మకి ఏం సమాధానం చెప్పాలో తెలియలేదు. చేతులు ఇచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. చేయి చాపి పతాక ముద్ర పట్టగానే, అప్పటిదాకా గడియారంలా నడిచిన కాళ్లు తప్పిపోయాయి. హాల్లో అందరి పరిస్థితీ అదే. ఎవరి దరువు ఎవరికీ కలవలేదు. మాస్టారు కోప్పడలేదు. రెండు రోజులు ఒక్క కుడిచేయి, ఆ తర్వాత ఎడమచేయి, తర్వాత రెండూ. ఆ తర్వాత మెడ. చూపు అన్నిటికంటే ఆఖర్న. రాత్రి ఎంత చేసినా కుదరని చేయి తెల్లారి లేచి చేస్తే కుదిరేది. అది నా ఊహ కాదు. నేర్చుకున్న కదలికను నిద్రలో మెదడు మళ్లీ కూడగట్టుకుంటుందని ఇప్పుడు పరిశోధనలు చెబుతున్నాయి. మా మాస్టారు అయితే "ఇవాళ్టికి చాలు, పడుకుని లేస్తే వస్తుంది" అని పంపించేసేవారు.

ఇక్కడ నాన్న సంగతి చెప్పాలి. నాన్నకి డాన్సు గురించి తెలీదు, ఆయనకు ఫుట్‌బాల్ పిచ్చి. ఫతే మైదాన్‌లో, ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియంలో, చిన్నప్పుడు గోడెక్కి మ్యాచులు చూసిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తయారుచేసిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానం దాకా వెళ్లినా, 1962లో జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం గెలిచినా కోచ్ ఆయనే. రహీం సాబ్ బడిపంతులుగా మొదలైన మనిషి. నాన్న ఎప్పుడూ ఒక మాట చెప్పేవాడు. కుర్రాళ్లకు అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలని షరతు పెట్టి రహీం సాబ్ మ్యాచులు ఆడించేవారట. ఇరవై ఏళ్లు కుడికాలితో ఆడినవాడు ఎడమకాలితో తన్నాలంటే ఎడమకాలు ఒక్కటే మారితే సరిపోదు. బరువు మోసే కాలు మారాలి, నడుం తిరిగే వైపు మారాలి, చేతులు తూచే తీరు మారాలి. నేను డాన్సు నుంచి రాగానే నాన్న "ఇవాళ ఎడమ మొదలుపెట్టారా?" అని అడిగేవాడు. మాస్టారు కూడా అంతే మరి. ప్రతి అడుగూ కుడివైపు చేయించి, తర్వాత ఎడమ. కొన్ని రోజులు తిరగేసి ఎడమతోనే మొదలుపెట్టించేవారు. కుడివైపు నేర్చుకున్నది కొంత ఎడమకు దానంతటదే వెళ్తుంది, పూర్తిగా వెళ్లదు. మిగిలింది సాధించాల్సిందే. నాన్న, మాస్టారు ఒకరినొకరు కలిసింది చాలా తక్కువ. కలిసినప్పుడు మాత్రం ఈ ఎడమకాలి గురించే మాట్లాడుకునేవారు.

ఒక్కళ్లం చేయడం ఒక ఎత్తు, పదిమందిమి కలిసి చేయడం ఇంకో ఎత్తు. బృందంగా చేసేటప్పుడు మాస్టారు ఒక పని చేసేవారు. మధ్యలో ఉన్నట్టుండి కర్ర ఆపేసేవారు. మేం ఆగకూడదు. కాసేపయ్యాక ఆయన మళ్లీ కర్ర అందుకునేవారు. మా దరువు ఆ కర్ర దెబ్బ మీదే పడాలి. మొదట్లో ఆయన కర్ర ఎత్తేసరికి మేం తలో చోటా ఉండేవాళ్లం. అందరం మా ముందున్న పిల్లని చూసి కదిలేవాళ్లం, అదీ అసలు సమస్య. కంటితో చూసి కదలాలంటే సెకనులో అయిదో వంతు పోతుంది. చెవితో విని కదలాలన్నా ఆరో ఏడో వంతు పోతుంది. మూడో కాలంలో సెకనుకు నాలుగు దరువులు పడుతున్నప్పుడు అంత ఆలస్యం అంటే దాదాపు ఒక అడుగు వెనకబడ్డట్టే. రెండో వరస మొదటి వరసను చూసి, మూడో వరస రెండోదాన్ని చూసి చేస్తే చివరి పిల్ల దగ్గరికి వచ్చేసరికి పాట వేరు, ఆట వేరు. కలిసి దరువు పడాలంటే వినకముందే కాలు బయల్దేరాలి. అంటే తర్వాతి దరువు ఎప్పుడు పడబోతోందో ప్రతి ఒక్కరికీ లోపల తెలిసుండాలి. వెనక ఉన్న చిన్నమెదడు పని అదే. పరిమాణంలో మొత్తం మెదడులో పదోవంతు ఉంటుంది కానీ, మెదడులోని నాడీకణాల్లో సగానికి పైగా అక్కడే ఉన్నాయి. జరగబోయేదాన్ని ముందే అంచనా కట్టి, జరిగినదాంతో పోల్చి, తేడా ఉంటే తర్వాతి కదలికను సవరిస్తుంది.

క్రమంగా మాకు పక్కవాళ్ల గజ్జెలు వినబడటం మొదలైంది. చూపు ఎదురుగానే ఉన్నా, కుడిపక్క పిల్ల కాస్త తొందరపడుతోందని చెవికి తెలిసేది. ఎవరం ఎవరికీ చెప్పకుండానే తనూ కొంచెం తగ్గేది, మేమూ కొంచెం అందుకునేవాళ్లం. కర్ర ఆగినా తాళం ఆగకుండా సాగిన సాయంత్రం మాస్టారు ఏమీ అనలేదు. అమ్మగారిని పిలిచి అందరికీ మరమరాలు పెట్టమన్నారు. 2010 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా కూచిపూడి కళాకారులు ఒకేసారి నర్తించి గిన్నిస్ రికార్డుకెక్కినప్పుడు నాకు ముందుగా వచ్చిన ఆలోచన ఈ కర్ర గురించే. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వంద మీటర్ల అవతల ఉన్నవాళ్లకి ఇక్కడి దెబ్బ సెకనులో దాదాపు మూడోవంతు ఆలస్యంగా చేరుతుంది. అంతమంది కలవడమంటే వెనక ఎంత సాధన ఉండాలో!

పళ్లెం సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే నాకు అన్నింటికంటే ఇష్టమైంది అదే. కూచిపూడిలో తరంగం అనే అంశం చేసేటప్పుడు ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి, ఒక్కోసారి తలమీద నీళ్ల చెంబు పెట్టుకుని ఆడతారు. చూసేవాళ్లకి అది సాహసంలా ఉంటుంది. నేర్చుకునేవాళ్లకి అది నెలల తరబడి సాగే చిన్న చిన్న పనుల వరస. మొదట పళ్లెం లేదు. చుట్టకుదురు పెట్టుకుని, దాని మీద చెంబు పెట్టుకుని హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం. చెంబులో బియ్యం పోసేవారు. ఖాళీ చెంబు తేలిగ్గా ఉండి జారిపోతుంది. బియ్యం బరువునిస్తుంది, తొణకదు. అది కుదిరాక బియ్యం తీసి నీళ్లు. నీళ్లు తొణుకుతాయి. మనం ఆగినా చెంబులో నీళ్లు వెంటనే ఆగవు, అవి ఇంకా ఊగుతూ ఉంటాయి. ఆ ఊపును మెడ పసిగట్టాలి. తర్వాత చుట్టకుదురు తీసేశారు.

పళ్లెం విడిగా నేర్పారు. అంచు వేళ్ల మొదళ్ల కింద పడేలా పాదం పెట్టాలి. వేళ్లు ముడిచి అంచును పట్టుకోవాలి. మొదట కిటికీ ఊచ పట్టుకుని కేవలం నిలబడటమే. అరికాలికి ఎర్రటి గీత పడేది, రాత్రి అమ్మ కొబ్బరినూనె రాసేది. తర్వాత బరువు కుడి మీదికి తెచ్చి ఎడమ పక్కను కాస్త ముందుకు జరపడం, మళ్లీ బరువు ఎడమకు మార్చి కుడిపక్కను జరపడం. షాబాదు బండ మీద ఇత్తడి గీసుకుపోయే ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. బండల మధ్య సందుల దగ్గర పళ్లెం తట్టుకుని ఆగేది. ఏ సందు ఎక్కడుందో మా పాదాలకు తెలిసిపోయింది.

రెండూ కలిపిన రోజున నేను తల కదలకూడదని ఒళ్లంతా బిగబట్టాను. రెండడుగులు జరిగేసరికి నీళ్లు నా మెడ మీదకి వచ్చాయి. మాస్టారు నా భుజాల మీద చేతులు వేసి అటూ ఇటూ ఊపారు, వదులు చేయడానికి. "చెంబుని కదలనివ్వకు. నువ్వు కదులు" అన్నారు. అప్పటికి అర్థం కాలేదు కానీ ఒళ్లు అర్థం చేసుకుంది. చీలమండ ఒకవైపు ఒరిగితే నడుం ఇంకోవైపు సర్దుకునేది, భుజం కాస్త తగ్గేది, మెడ మిగిలింది చూసుకునేది. పైన చెంబు మాత్రం ఉన్నచోటే ఉండేది.

ఫిజియోథెరపీ చదివేటప్పుడు నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే రష్యన్ శాస్త్రవేత్త గురించి చదివాను. 1896లో పుట్టి 1966లో పోయారు. 1920ల్లో మాస్కోలోని కేంద్ర శ్రామిక సంస్థలో పనిచేస్తూ, సుత్తితో ఉలి మీద కొట్టే పనివాళ్ల కదలికలను ఫోటోలు తీశారు. వాళ్ల భుజానికి, మోచేతికి, మణికట్టుకి, సుత్తికి చిన్న విద్యుద్దీపాలు కట్టి, అవి కదిలిన దారిని ఫిల్ము మీద పట్టుకున్నారు. చేయి తిరిగిన పనివాడు ప్రతిసారీ చేతిని ఒకేలా ఆడిస్తాడని మనం అనుకుంటాం. ఫిల్ము అలా చెప్పలేదు. భుజం దారి, మోచేయి దారి ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ తేడాగా ఉన్నాయి. సుత్తి కొన మాత్రం దాదాపు ఒకే దారిలో వచ్చి ఒకే చోట పడింది. అంటే భుజం కాస్త తప్పితే మోచేయి ఆ తప్పును సరిచేస్తోంది, మోచేయి తప్పితే మణికట్టు సరిచేస్తోంది. ఆ పేజీ చదువుతూ నేను హాస్టల్ గదిలో లేచి నిలబడ్డాను. నా చెంబే అది!

ఒక్క చేతినే తీసుకోండి. భుజం మూడు రకాలుగా కదులుతుంది, మోచేయి ఒక రకంగా మడుస్తుంది, ముంజేయి మెలి తిరుగుతుంది, మణికట్టు రెండు రకాలుగా వంగుతుంది. వేళ్ల జోలికి పోకుండానే ఏడు. ఒళ్లు మొత్తం లెక్కేస్తే అన్ని కీళ్లనూ అన్ని కండరాలనూ ఒక్కొక్కటిగా ఏలడం ఏ మెదడుకూ సాధ్యం కాదు. ఇదే అసలు చిక్కు అన్నారు బెర్న్‌స్టైన్. కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలా కీళ్లను బిగించేసి, కొన్నింటితోనే పని నడుపుకుంటారని, పట్టు దొరికేకొద్దీ ఒక్కోదాన్నీ వదులు చేస్తారని ఆయన వివరించారు. సైకిల్ నేర్చుకునే పిల్లలనీ, ఈత మొదలుపెట్టినవాళ్లనీ గమనించండి, మొదటిరోజు అందరూ కొయ్యబారి ఉంటారు. మాస్టారు ఆ బిగింపును తిట్టలేదు. చేతుల్ని నడుం మీద పెట్టించి ఆయనే కొన్నింటిని పక్కన పెట్టారు. తర్వాత ఒక్కోదాన్నీ తన చేత్తో విప్పారు. అందుకే సాధనంటే చేసిందే చేయడమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ హాల్లో ఏ రెండు రోజులూ ఒకేలా ఉండేవి కావు. ఒకరోజు చీకటి, ఒకరోజు ఎడమతో మొదలు, ఒకరోజు తాళం మధ్యలో మాయం. అడుగు అదే. దాన్ని చేరే దారి మాత్రం రోజూ వెతుక్కోవాల్సి వచ్చేది.

ఇప్పుడు ఫోనులో వీడియో చూసి డాన్సు నేర్చుకునే పిల్లలు నా దగ్గరికి మోకాలి నొప్పితో వస్తున్నారు. తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు, ఈ నగరంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు సాయంత్రం పూట పిల్లను తీసుకెళ్లడం మాటలు కాదు. కానీ వీడియో ఎప్పుడూ పూర్తయిన ఆటనే చూపిస్తుంది. చేతులు, కళ్లు, మెడ, అన్నీ ఒకేసారి. ఏది ముందు, ఏది ఎన్నాళ్లు ఆపి ఉంచాలి అన్నది అందులో ఉండదు. మోకాలు పాదం వైపు కాకుండా లోపలికి వాలుతోందని చెప్పే మనిషి ఉండడు. అరమండి ఎదిగే వయసు పిల్లలకి ఎవరైనా పక్కన ఉండి నేర్పాల్సిందే, ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇంటి స్థలంలో అపార్టుమెంటు వచ్చింది. ఆయన పద్ధతి మాత్రం నా క్లినిక్‌లో రోజూ పనికొస్తోంది. పార్కిన్సన్స్ జబ్బుతో ఒక పెద్దాయన వస్తారు, అంబర్‌పేట నుంచి. మామూలు నేల మీద మెల్లగా నడుస్తారు, గుమ్మం దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోతాయి. "అమ్మా, కాలు లేస్తలేదు" అంటారు పాపం. ఈ జబ్బులో లోపలి నుంచి కదలిక మొదలుపెట్టే ఏర్పాటే దెబ్బతింటుంది. బయటి నుంచి ఒక తాళం అందిస్తే చాలామందికి ఆ మొదలు దొరుకుతుంది. చాలాచోట్ల దానికి మెట్రోనోము, అంటే టిక్ టిక్‌మని తాళం వేసే పరికరం, వాడతారు. నేను ముందు అదే వాడాను, తర్వాత తకధిమికి మారాను. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తొడ మీద తాళం వేయిస్తూ నోటితో పలికించాను. నోటికి బాగా వచ్చాకే లేపాను. గుమ్మం దగ్గర ఆగినప్పుడు నేను 'తక' అంటే ఆయన 'ధిమి' అంటారు, ఆ 'ధిమి' మీద కాలు లేస్తుంది. అన్నిసార్లూ లేవదు. లేచిన రోజులు ఎక్కువగా ఉంటున్నాయి.

పోయిన వారం ఆయన మనవరాలు తోడుగా వచ్చింది, ఇంటర్ చదువుతోంది. "మేడమ్, అది కాగితం మీద రాసియ్యండి, ఇంట్లో నేను చెప్తాను" అంది. రాసిచ్చాను. అయితే ఊరికే పంపలేదు. తాత పక్కన కూర్చోబెట్టి చెప్పించాను. తకధిమి బాగానే వచ్చింది, తకతకిట దగ్గర తొందరపడుతోంది. ఆ తొందరకి తాత కాలు కూడా తొందరపడుతుంది, అది ప్రమాదం. శనివారం ఇద్దరినీ మళ్లీ రమ్మన్నాను.